రెండు గుడ్ల లెక్క

బల్లిని పెంపుడు జీవిగా మార్చిన ఘనత అద్దాల పెట్టెకి ఇవ్వడం పరిపాటి. ఈ అభిరుచి చరిత్రను ఎక్కువమంది అక్కడినుంచే మొదలుపెడతారు. 1829లో నతానియల్ వార్డ్ అనే లండన్ వైద్యుడు మూత బిగించిన గాజు సీసాలో ఫెర్న్ మొక్క మొలవడం గమనించాడు. ఆ సీసా కాస్తా పెద్దదై విక్టోరియా కాలపు ఇళ్లలో మొక్కల పెట్టె అయింది. 1849లో లండన్ జూ సరీసృపాల కోసమే ఒక భవనం తెరిచింది. 1884లో యోహాన్ ఫన్ ఫిషర్ జర్మన్‌లో టెరేరియం, అంటే జీవుల్ని ఉంచే అద్దాల పెట్టె, మీద ఒక లావుపాటి పుస్తకం రాశాడు. 1897లో గ్రెగరీ బేట్‌మన్ అనే మతాచార్యుడు ఇంగ్లీషులో అలాంటిదే మరొకటి వెలువరించాడు. ఈ వరసలో తప్పేమీ లేదు. కానీ ఇది ప్రదర్శన చరిత్ర, పెంపకం చరిత్ర కాదు. ఒక జీవిని పెంచుతున్నామని చెప్పుకోవాలంటే అది మన దగ్గర బతికితే చాలదు, మన దగ్గర పుట్టాలి. పుట్టి, మళ్లీ గుడ్లు పెట్టాలి. ఆ గజంతో కొలిస్తే గెకో జాతి బల్లుల పెంపకానికి నిండా అరవై ఏళ్ల వయసు కూడా ఉండదు. దాని కథానాయకుడు అద్దాల పెట్టె కాదు, పక్కన మూల పడివుండే పొదిగే పెట్టె. ఏ బల్లి ఇళ్లలో స్థిరపడింది, ఏ బల్లి ఇప్పటికీ అడవినుంచి గోనెసంచుల్లో వస్తోంది అన్న ప్రశ్నకు జవాబు దాని గుడ్డులోనే ఉంది.

పంతొమ్మిదో శతాబ్దపు పెంపకందారులకు శ్రద్ధ తక్కువని కాదు. బల్లి ఉండే పెట్టెను వెచ్చబెట్టడానికి అడుగున దీపాలు పెట్టారు, వేడినీటి గొట్టాలు అమర్చారు, రాళ్లు పేర్చి మొక్కలు నాటారు. గెకోలు కూడా పెద్దగా మొరాయించలేదు. రాత్రిపూట తిరిగే జీవులు కాబట్టి పగటి ఎండ లేకపోయినా కొన్ని నెలలు నెట్టుకొచ్చేవి. చచ్చిపోతే మధ్యధరా తీరం నుంచో ఆఫ్రికా నుంచో వచ్చే ఓడలో మరొకటి దిగేది. చిక్కంతా అక్కడే ఉంది. చచ్చినదాని స్థానంలో ఇంకొకటి చవగ్గా దొరికినంత కాలం గుడ్డును గురించి ఆలోచించాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. పెట్టెలో గుడ్లు కనిపిస్తే అదొక వింత, అంతే. వాటిని తీసి ఇసుకలో పెట్టేవారు, కోడిగుడ్డు అలవాటు కొద్దీ అటూ ఇటూ తిప్పేవారు. కొన్నాళ్లకు అవి ముడుచుకుపోయేవి, లేదా బూజు పట్టేవి.

ఆ గుడ్డు స్వభావం తెలియాలంటే లండన్ దాకా పోనక్కర్లేదు. గోడమీది దేవుడి పటం వెనకో, ట్యూబులైటు పట్టీ లోపలో, వాడని స్విచ్‌బోర్డులోనో గోరంత తెల్లటి గుడ్లు రెండు అంటుకుని ఉండటం చూడని తెలుగు ఇల్లు అరుదు. బల్లి ఏ అంగం మీద పడితే ఏ ఫలమో తలనుంచి పాదం దాకా పట్టిక వేసిన మన పంచాంగాలు ఆ గుడ్ల జోలికి మాత్రం వెళ్లలేదు. నిజానికి చూడవలసిన సంగతి అదే. ఆ రెండన్న సంఖ్య కాకతాళీయం కాదు. తాబేళ్లు, మొసళ్లు పదులకొద్దీ గుడ్లు పెడితే, గెకోలు మాత్రం ఎంత పెద్ద జాతివైనా ఒక కాన్పులో రెండుకు మించవు. కొన్ని చిన్న జాతులైతే ఒక్కటే పెడతాయి. ఇక పెంకు సంగతికొస్తే గెకోలలో రెండు తెగలున్నాయి. మన ఇంటి బల్లిది, ఆగ్నేయాసియా టోకే బల్లిది గట్టి పెంకు. పెట్టిన వెంటనే మెత్తగా ఉండి, గాలి తగిలి సున్నంలా బిగుసుకుంటుంది. టోకే వంటి జాతుల్లో గోడకో రాతికో చెట్టు తొర్రకో అతుక్కుపోతుంది. ఊడదీయబోతే పగులుతుంది. లెపర్డ్ గెకోది, క్రెస్టెడ్ గెకోది తోలులాంటి మెత్తని పెంకు. వాటిని తల్లి తడిమట్టిలో పూడ్చిపెడుతుంది. ఆ గుడ్డు చుట్టూ ఉన్న తేమను పీల్చుకుని ఉబ్బుతుంది. తేమ తక్కువైతే ఎండుతుంది, ఎక్కువైతే కుళ్లుతుంది. కోడిగుడ్డులో పచ్చసొనను పట్టి ఉంచే తాళ్లు ఈ గుడ్డులో ఉండవు. పెట్టిన ఒకటి రెండు రోజుల్లోనే పిండం పైభాగాన పెంకు లోపలి పొరకు అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డును తిరగేస్తే పిండం బతకడం కష్టం. అందుకే నేటి పెంపకందారులు గుడ్డును తీసేముందే పైవైపు పెన్సిల్‌తో ఒక గుర్తు పెట్టి, ఆ గుర్తు చెదరకుండా పొదిగే డబ్బాలోకి మారుస్తారు. శ్రద్ధగా రోజూ గుడ్లు తిప్పే మనిషి తన శ్రద్ధతోనే వాటిని చంపేవాడన్నమాట.

ఈ జ్ఞానం పనిలోకి దిగడానికి కావలసిన సామాను ఏదీ బల్లుల కోసం పుట్టలేదు. ఈ వృత్తి చరిత్రలో నాకు అన్నిటికంటే రుచించే భాగం ఇదే. పొదిగే పెట్టె కోళ్ల పరిశ్రమది. ఈజిప్టువాళ్లు మట్టి కొలుముల్లో వేలకొద్దీ కోడిగుడ్లు పొదిగించే పద్ధతిని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రెయోమ్యూర్ పరిశీలించి 1749లో పుస్తకం రాశాడు. ఆ దారిన సాగిన సాంకేతికత ఇరవయ్యో శతాబ్దంలో అమెరికాలో తేలికైన థర్మోకోల్ పెట్టెల రూపంలో పల్లెటూరి కోళ్ల పెంపకందారులకు చవగ్గా అందింది. జార్జియా రాష్ట్రంలోని సవానాలో తయారైన హోవా-బేటర్ అనే పెట్టె అలాంటిది. బల్లుల పెంపకందారులు దాన్నే కొని, గుడ్లు తిప్పే మర వాడకుండా, 37 డిగ్రీల పైచిలుకు ఉండే కోడిగుడ్ల వేడిని ముప్పై డిగ్రీల చుట్టుపక్కలకు దించి వాడుకున్నారు. లోపల మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు పెట్టి, వాటిలో తోటపనికి వాడే వర్మిక్యులైట్‌నో పెర్లైట్‌నో తడిపి పరిచారు. మేత సంగతీ అంతే. అమెరికా దక్షిణాదిలో చేపల గాలానికి ఎరగా అమ్మేందుకు కీచురాళ్ల ఫారాలు అప్పటికే నడుస్తున్నాయి. ఆ కీచురాళ్ల మీద కాల్షియం పొడి, డి విటమిన్ చల్లితే బల్లి ఎముకలు వంకరపోవని తేలాక సగం సమస్య తీరింది. చివరికి ఇల్లు కూడా అద్దాలది కాకుండా పోయింది. బూట్లు దాచుకునే ప్లాస్టిక్ పెట్టెలు అరల్లో పేర్చి, కింద వేడినిచ్చే పట్టీ పరిచి, ఒక్కో పెట్టెలో ఒక్కో ఆడబల్లిని ఉంచారు. చూసేవాళ్లకు అందులో అందమేమీ లేదు. గుడ్లు పెట్టేది మాత్రం అక్కడే.

ఈ సామానంతా మొదట ఫలించింది లెపర్డ్ గెకో దగ్గర. ఇది మన ఉపఖండపు బల్లే. పంజాబులోని ఉప్పుకొండల నుంచి వచ్చిన నమూనా ఆధారంగా 1854లో ఎడ్వర్డ్ బ్లైత్ దీన్ని శాస్త్రలోకానికి వర్ణించాడు. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, మన వాయవ్య భారతం దీని నెలవు. కనురెప్పలు ఆడించగలదు, కాలివేళ్లకు అంటుకునే మెత్తలు లేవు కాబట్టి గోడలెక్కి పారిపోదు. గుడ్లు తడిమట్టిలో పూడ్చిపెడుతుంది కాబట్టి తడి నాచు నింపిన ఒక డబ్బా ఇస్తే నేరుగా వచ్చి అందులోనే పెడుతుంది. ఒక ఋతువులో రెండేసి చొప్పున అయిదారు కాన్పులు వస్తాయి. చాలాకాలం పాశ్చాత్య దేశాల అంగళ్లకు పాకిస్తాన్‌లో పట్టినవే వెళ్లాయి. 1980, 90 దశకాల్లో ఆ సరఫరా అవసరం లేకుండా చేసింది పొదిగే పెట్టె. దానికి సరిగ్గా ఆ కాలంలోనే ఒక వింత జ్ఞానం తోడైంది.

1966లో డకార్‌లో పనిచేస్తున్న మడ్లెన్ షార్నియే అనే ఫ్రెంచి పరిశోధకురాలు ఒక తొండ జాతి గుడ్లను వేర్వేరు వేడిమిల దగ్గర పొదిగించి, ఒకచోట ఆడవి, ఒకచోట మగవి పుడుతున్నాయని రాసింది. చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1980లో జేమ్స్ బుల్ సరీసృపాల లింగ నిర్ణయం మీద పెద్ద సమీక్ష రాసినప్పుడు, సరీసృపాల పెంపకంలో చేయి తిరిగిన ఎర్నీ వాగ్నర్ లెపర్డ్ గెకోలలోనూ ఇదే జరుగుతోందని నివేదించాడు. తర్వాత బ్రయన్ వీట్స్, అతని సహచరులు 1993లో ప్రచురించిన ప్రయోగాలు గీతను పూర్తిగా గీసి చూపాయి. 26 డిగ్రీల దగ్గర దాదాపు అన్నీ ఆడవే. 32.5 దగ్గర మగవి ఎక్కువ. 34 దాటితే మళ్లీ ఆడవే ఎక్కువ. చల్లగా పొదిగితే రెండు నెలలు దాటుతుంది, వెచ్చగా పొదిగితే ఒకటిన్నర నెలలో పిల్ల బయటికొస్తుంది. 1988లో గట్జ్‌కే, క్రూస్ నేచర్ పత్రికలో చెప్పింది ఇంకా ముందుకు పోయింది. గుడ్డుగా ఉన్నప్పటి వేడి పెద్దయ్యాక ఆడబల్లి ప్రవర్తనను, కయ్యానికి కాలుదువ్వే స్వభావాన్ని కూడా మారుస్తుందని దాని సారాంశం. దీని వ్యాపార పర్యవసానం పెంపకందారుకు విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది. పదిహేను ఆడబల్లులకు ఒక మగది చాలు. మీటను రెండు మూడు డిగ్రీలు కిందికి తిప్పితే మందంతా ఆడదే. గుడ్లు పెట్టే సంఖ్యను ప్రకృతి రెండు దగ్గర ఆపేసినా, గుడ్లు పెట్టే తల్లుల సంఖ్యను పెంచుకునే వీలు మనిషి చేతికి చిక్కింది.

ఇదంతా శాస్త్రజ్ఞుల ఘనతే గాని పెంపకందారులది కాదని ఎవరైనా అనవచ్చు. అది సగం నిజం. ప్రయోగశాలకు వందలకొద్దీ గుడ్లు కావాలి, ఆ గుడ్లు పెట్టించే నేర్పు పెంపకందారులది. ఎర్నీ వాగ్నర్ వంటివాళ్లు రెండువైపులా కాలు మోపినవాళ్లు. ఇంకాస్త గట్టి ఆక్షేపణ మరొకటుంది. గుడ్డు మీద ఇంత పట్టు దొరికాక పెంపకం రంగుల వేటగా దిగజారిందన్నది. దీన్ని నేను కాదనలేను. 1990లలో మొదలైన తెల్లరంగు వంశాలు, ఆపైన పసుపు, నారింజ రంగుల కలయికలు ఒక్కో బల్లికి వేల డాలర్ల ధర పలికించాయి. 2006 ప్రాంతంలో వచ్చిన ఎనిగ్మా వంశపు బల్లులు తల పక్కకు వాల్చి గుండ్రంగా తిరుగుతాయి. అది నరాల లోపం. లెమన్ ఫ్రాస్ట్ అనే మెరిసే పసుపు వంశం కథ ఇంకా ఘోరం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజెలెస్ పరిశోధకులు 2021లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఆ రంగుకు కారణమైన జన్యువు దగ్గరే చర్మపు కణితులకూ మూలం ఉంది. ఆ బల్లుల్లో నూటికి ఎనభైకి పైగా కణితుల పాలయ్యాయి. ఆ రంగు కావాలని కొన్నవాడు ఆ రోగాన్నీ కొన్నాడు. అయితే ఈ ఆక్షేపణ నా వాదాన్ని పడగొట్టేది కాదు, బలపరిచేది. రంగులు ఎంచి కలపడం పుట్టుక మన చేతిలో ఉన్నప్పుడే సాధ్యం. అడవినుంచి తెచ్చిన బల్లికి మనం చేయగల హాని దాన్ని చంపడం వరకే. మన దగ్గర పుట్టిన బల్లికి పుట్టకముందే హాని చేయగలం.

గుడ్డు నిర్ణయిస్తుందన్న మాటకు ఇంకో నిదర్శనం ఒకదాని తర్వాత ఒకటి మళ్లీ బయటపడిన రెండు బల్లులు. కర్నల్ బెడ్డోమ్ 1870లో తిరుపతి కొండల నుంచి వర్ణించిన బంగారు బల్లి శతాబ్దం పైగా శాస్త్రజ్ఞుల కంటపడలేదు. జె.సి. డేనియల్, ఆయన సహచరులు దాన్ని మళ్లీ తూర్పు కనుమల్లో గుర్తించిన సంగతి 1986లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వచ్చింది. న్యూ కలడోనియా దీవుల క్రెస్టెడ్ గెకోను 1866లో గిషనో వర్ణించాడు. అదీ అంతరించిందనే అనుకున్నారు, 1994లో మళ్లీ దొరికింది. కొద్ది జతలే బయటికి వెళ్లాయి. వాటి సంతతి ఇప్పుడు అమెరికా, ఐరోపాల్లో అతి మామూలు పెంపుడు బల్లి. న్యూ కలడోనియా ఎగుమతి నిషేధించింది, నిషేధం వల్ల ఎవరికీ కొరత రాలేదు. ఆ బల్లికి గది వేడి చాలు, పండ్ల పొడి నీళ్లలో కలిపి పెడితే తింటుంది, మెత్తని గుడ్లు తడిమట్టిలో పెడుతుంది. మన బంగారు బల్లి అట్లా కాదు. నీళ్లూరే లోయల్లో, రాతి పగుళ్లలో ఉంటుంది. చాలా ఆడబల్లులు కలిసి ఒకేచోట రాతికి గుడ్లు అతికిస్తాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ దానికి ఉంది, శేషాచలం అడవికి కాపలా ఉంది. చట్టమే దాన్ని కాపాడిందని ఒకరనవచ్చు. చట్టం అవసరమే. కానీ చట్టం లేకపోయినా బంగారు బల్లి డబ్బాల్లో తయారయ్యేది కాదు. రాతినుంచి పెరుక్కుని తీసుకెళ్లేవారు.

అలా పెరుక్కుపోయే సంగతి టోకే బల్లి విషయంలో కళ్లముందే ఉంది. అస్సాం, మణిపూర్ నుంచి ఇండోనేసియా దాకా ఉండే ఈ పెద్ద బల్లిని చైనా సంప్రదాయ వైద్యంలో ఎండబెట్టి వాడతారు. 2004 తర్వాత పదేళ్లలోపే తైవాన్ ఒక్కటే కోటిన్నర ఎండు టోకేలు దిగుమతి చేసుకుందని వన్యప్రాణి వ్యాపారాన్ని గమనించే ట్రాఫిక్ సంస్థ 2013లో లెక్కతేల్చింది. ఎయిడ్స్‌కు ఇది మందన్న పుకారు 2010 ప్రాంతంలో లేచింది. 2011లో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం అది అబద్ధమని హెచ్చరిక జారీ చేయాల్సి వచ్చింది. మన ఈశాన్య రాష్ట్రాల్లో లక్షల ధర పలుకుతుందని నమ్మి పట్టుబడినవాళ్లకు లోటు లేదు. ఈ నేపథ్యంలో ఇండోనేసియా ప్రభుత్వం ఆరు కంపెనీలకు ఏటా ముప్పై లక్షలకు పైగా టోకేలను, ఫారంలో పుట్టినవే, పెంపకానికే అన్న షరతుతో, ప్రాణాలతో ఎగుమతి చేసుకోమని అనుమతులిచ్చింది. ఆ షరతు నిజమా అని ట్రాఫిక్ 2015 నివేదిక అడిగిన తీరు నాకు ఈ చరిత్ర మొత్తంలో అత్యంత తెలివైన పని అనిపిస్తుంది. వాళ్లు అడవికి పోలేదు, గుడ్లు లెక్కపెట్టారు. ఏటా పది లక్షల టోకేలు పుట్టించాలంటే 1,40,000 ఆడబల్లులు, 14,000 మగబల్లులు, 30,000 పొదిగే డబ్బాలు, పిల్లల్ని పెంచడానికి 1,12,000 పెట్టెలు, వందలమంది పనివాళ్లు కావాలి. అమ్మితే వచ్చేదానికంటే ఖర్చే ఎక్కువ. కాబట్టి ఆ అనుమతి పత్రాల మీద ఉన్న బల్లులు ఫారంలో పుట్టడానికి వీల్లేదు. వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం 2019 జెనీవా సమావేశంలో టోకేని తన రెండో అనుబంధంలో చేర్చింది.

గట్టి పెంకు గుడ్లను పొదిగించడం అసాధ్యమా అంటే కాదు. మడగాస్కర్ పచ్చబల్లుల గుడ్లు గట్టివే, పెంపకందారులు వాటిని పిల్లలుగా చేస్తూనే ఉన్నారు. జంతుశాలలు టోకేల్ని కూడా పుట్టిస్తాయి. వెదురుముక్క మీదో గాజుపలక మీదో గుడ్లు అతికిస్తే ఆ ముక్కను యథాతథంగా తీసి పొదిగే పెట్టెలో పెట్టుకుంటారు. తేడా సాధ్యాసాధ్యాల్లో లేదు, ధరలో ఉంది. అడవిలో పట్టేవాడికి ఒక్కో బల్లికి నాలుగు చిల్లర డబ్బులు ముట్టచెబితే చాలనుకున్నచోట నాలుగు నెలలు కరెంటు ఖర్చుపెట్టి గుడ్డు పొదిగేవాడు నిలవలేడు. టాంజానియా కింబోజా అడవి కథ ఇదే. అక్కడి ఒక మొగలి జాతి చెట్ల మీద మాత్రమే బతికే నీలిరంగు మరుగుజ్జు బల్లిని 2004 డిసెంబరు నుంచి 2009 జులై దాకా ఒక్క ముఠాయే ముప్పై రెండు వేలకు పైగా పట్టింది. అది అడవిలో ఉన్న మొత్తంలో సుమారు 15 శాతమని పరిశోధకుల అంచనా. పట్టడానికి మొగలి చెట్లనే నరికారు. ఐరోపాలో ఆ బల్లి గుడ్లు పొదిగించినవాళ్లున్నా, పట్టినవి అంత చవగ్గా వస్తుంటే వారి పని ఎవరికి కావాలి? 2016లో సైటీస్ మొదటి అనుబంధంలో చేర్చి వ్యాపారాన్ని ఆపాకే పొదిగిన పిల్లకు విలువ వచ్చింది. దక్షిణ చైనాలో 1999లో కొత్తగా వర్ణించిన ఒక గుహబల్లిది మెత్తని గుడ్డే. అయినా దాని చిరునామా శాస్త్రపత్రికలో అచ్చవగానే వేటగాళ్లు వచ్చి, వర్ణించిన చోట అది లేకుండా చేశారు. గుడ్డు అనుకూలంగా ఉన్నా పొదిగే పెట్టె సిద్ధమయ్యేలోగా అడవి ఖాళీ అవుతుందని దీన్నిబట్టి ఒప్పుకోవాలి.

అసలు బల్లిని ఇంట్లో పెట్టుకోవడమే తప్పు అనేవాళ్లకు ఈ వాదమంతా అనవసరం. వారితో నాకు పేచీ లేదు. కానీ పెంపకం ఉన్నదే గనక, ఫారంలో పుట్టింది అన్న మాట ప్రపంచమంతటా అనుమతికి తాళంచెవి అయింది గనక, ఆ మాట నిజమో కాదో తేల్చే కొలత కావాలి. మన దేశంలోనూ విదేశీ జీవులను పెంచేవారు సైటీస్ జాబితాలో ఉన్నవాటిని కేంద్ర ప్రభుత్వపు పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయాలని 2024లో నియమాలు వచ్చాయి. ఆ నమోదు జీవి పేరు, సంఖ్య రాసి ముద్ర వేయడంతో ఆగిపోకూడదు. తల్లులు ఎన్ని, ఏడాదికి ఎన్ని కాన్పులు, ఎన్ని గుడ్లు, పొదిగే డబ్బాలు ఎన్ని, ఏ వేడి దగ్గర ఎన్ని రోజులు అన్న చిట్టా అటవీశాఖ ప్రతి పెంపకందారును అడగాలి. కొనేవారూ అదే అడగాలి. కాన్పుకు రెండుకు మించి గుడ్లు పెట్టని జీవి విషయంలో ఆ చిట్టాను దొంగలెక్కలతో నింపడం కష్టం.